హొసకోట దగ్గర పదేళ్ళుగా పడున్న పాత పొక్లెయిన్ 90 సి.కె. — లేపొచ్చా, స్క్రాపుకేనా?

చెరువుగట్టు (హొసకోట)

అందరికీ నమస్కారం. మా మామ కంట్రాక్టులు చేసే రోజుల్లో కొన్న చైన్ పొక్లెయిన్ ఒకటి తోటలో పడుంది. ఎల్ అండ్ టి వాళ్ళ 90 సి.కె. ఆయన పోయినాక దాన్ని ముట్టుకున్నోళ్ళు లేరు. పదేళ్ళ పైమాటే.

ఉన్నది ఉన్నట్టు చెప్తా. బకెట్ నేలకు ఆనించి ఉంది. బూమ్ (బండి పెద్ద చెయ్యి) సిలిండర్ రాడ్లు సగం బయట, సగం లోపల. ట్రాకులు మట్టిలో జానెడు దిగినాయి, వాటి సందుల్లోంచి కంప లేచి క్యాబిన్ దాకా పోయింది. సీటు ఎలుకల పాలు. సైలెన్సర్ గొట్టం మీద మాత్రం రేకు డబ్బా ఒకటి బోర్లించి తీగతో కట్టి ఉంది. మామే కట్టుండాల. ఇంజను అసలుది కాదు, ఎప్పుడో లేలాండ్ లారీది ఆరు సిలిండర్లది మార్పించినాడు. ఫ్యాను పట్టుకుని తిప్పితే కదల్లేదు.

నాకు తోటలో వానకుంట పూడిక తీయాల, కింద చెక్‌డ్యామ్ దగ్గర కట్ట ఎత్తు చేయాల. స్క్రాపాయన వచ్చి కిలోల లెక్క చెప్పి పోయినాడు. మనసొప్పలేదు. ఎక్కడ మొదలుపెట్టాల?

టిప్పర్‌నెం9 (కోలారు)

మనసు సంగతి పక్కన పెట్టన్నా. కుంట పూడికకు గంటల లెక్కన బండి బాడుగకు తెచ్చుకుంటే వారంలో పని అయిపోతుంది, డీజిలు ఖర్చు కూడా వాళ్ళదే. ఇప్పటి బండ్లకు స్పేర్లు పొద్దున చెప్తే సాయంత్రానికి వస్తాయి. దీనికి ప్రతి సీలూ కొలతిచ్చి చేయించుకోవాల్సిందే. పాత బండి లేపడమంటే తాతలనాటి భూమి కేసు తిరగదోడినట్టే, మొదలుపెట్టేది మన చేతిలో ఉంటది గానీ ముగించేది కాదు. అమ్మేయ్.

పాతగ్యారేజీ (యశ్వంతపుర)

టిప్పర్ తమ్ముడు చెప్పిన లెక్క తప్పు కాదు. కుంట ఒక్కదాని కోసమైతే బాడుగే చవక. తోటలో ఏటా పని ఉందంటే మాత్రం వేరే లెక్క. ఎటూ తేల్చుకునే ముందు బండి చూడాలి కదా, చూడటానికి పైసా ఖర్చు కాదు.

ఈ బండ్లు పుట్టింది మన ఊళ్ళోనే. బళ్ళారి రోడ్డులో బ్యాటరాయనపుర దగ్గరి ఫ్యాక్టరీలో ఎల్ అండ్ టి వాళ్ళు 1970ల్లోనే ఫ్రాన్సు పొక్లెయిన్ కంపెనీ డిజైనుతో హైడ్రాలిక్ తవ్వకం బండ్లు చేయడం మొదలుపెట్టారు. 1998లో కొమాట్సుతో కలిసి ఎల్ అండ్ టి-కొమాట్సు అయింది, 2013లో కొమాట్సు పూర్తిగా తీసుకుంది. ఆ షెడ్లలో చెయ్యి తిరిగినవాళ్ళు ఇప్పటికీ సహకారనగర్, యలహంక వైపు ఉన్నారు. వాళ్ళలో ఒక్కరు దొరికితే సగం పని అయినట్టే.

ఇక అసలు మాట. అందరూ ఇంజను దగ్గర మొదలుపెడతారు, ఎందుకంటే అది మోగితే సంతోషం. ఇంజను మీ బండిలో అన్నిటికన్నా చవక భాగం. లారీ ఇంజను, జె.సి. రోడ్డుకో కలాసిపాళ్యానికో పోతే లైనరు నుంచి నోజిలు దాకా దొరుకుతాయి. బండి బతుకుతుందా చస్తుందా తేల్చేవి మూడే: హైడ్రాలిక్ నూనెను ఒత్తిడితో తోసే మెయిన్ పంపు, పై బాడీ తిరిగే స్వింగ్ బేరింగు, సిలిండర్ రాడ్లు. ఆ మూడూ పోయుంటే స్క్రాపాయనకు ఫోన్ చేయండి, నేనే చెప్తున్నా.

స్వింగ్ బేరింగు దగ్గర పాత గ్రీజు వేలితో తీసి ఎండలో చూడండి. నల్లగా గట్టిపడి ఉంటే భయం లేదు. అందులో వెండి పొట్టులాగా మెరిస్తే బాల్స్ దారి తినేసినట్టు. తర్వాత గడ్డపారతో పై బాడీని కింది ఫ్రేమ్ నుంచి ఎత్తి చూడండి, లొడలొడలాడకూడదు.

పీణ్య_సీల్‌కిట్ (పీణ్య రెండో స్టేజీ)

రాడ్ల సంగతి నేను చెప్తా, మా షాపులో రోజూ ఇదే పని.

రాడ్డు లోపల ఉన్న సగానికి ఏమీ కాదు, నూనెలో ఉంటుంది. బయట ఉన్న సగమే చూడండి. బట్ట డీజిల్లో ముంచి తుడిచి, గోటితో నిలువుగా గీస్తూ పోండి. గోరు ఎక్కడా తట్టకపోతే పైపైన మరకే, పోతుంది. గోరు పడే గుంటలుంటే ఆ రాడ్డు లోపలికి పోయిన ప్రతిసారీ కొత్త సీలును రంపంలా కోస్తుంది. ఎమరీ పేపరుతో రుద్ది మెరిపించి సీలు వేయించుకుని పోయేవాళ్ళు చాలామంది వస్తారు. ఆ సీలు నెల ఆగదు. పాత క్రోము తీసి, గ్రైండింగు చేసి, మళ్ళీ హార్డ్ క్రోము పట్టించి, సైజుకు తేవాల్సిందే. పీణ్యలో ఆ పని చేసేవాళ్ళు వీధికి ఇద్దరున్నారు. రాడ్డు వంకర ఉందేమో ముందు లేతు మీద తిప్పి చూపించమనండి, వంకర రాడ్డుకు క్రోము వేయించడం దండగ.

చెరువుగట్టు

గురువుగారూ, గ్రీజు తీసి చూసినా. తారులా ఉంది, మెరుపు లేదు. గడ్డపార పెడితే పెద్దగా ఆట లేదు.

అక్కా, బూమ్ రాడ్లు రెండింట్లో ఎడమది బాగుంది. కుడిదానికి పైభాగాన, వాన నిలిచేచోట అరచేయంత మేర గుంటలున్నాయి. ఆర్మ్ రాడ్డు మీద ఎప్పుడిదో గ్రీజు పొర గట్టిగా పట్టుకునుంది, గీకితే కింద అద్దంలా ఉంది. బకెట్ రాడ్డు మరకలే.

పీణ్య_సీల్‌కిట్

అయితే ఒక్క రాడ్డే. మీ మామగారు ఆపేముందు గ్రీజు పూసినట్టున్నారు, పని తెలిసిన మనిషి.

టిప్పర్‌నెం9

సరే సరే, మీరంతా ఒకటైపోయినారు. కాగితాలు చూసుకున్నావా అన్నా? అసలు ఇన్‌వాయిస్, ఫైనాన్స్ తీరినట్టు లెటరు, వారసుల సంతకం. బండి కదిలినాక "అది మాది" అంటూ ఎవడో ఒకడు వస్తాడు. తుప్పు పట్టినన్నాళ్ళూ ఒక్కడూ రాడు.

చెరువుగట్టు

ఇన్‌వాయిస్ బీరువాలో ఉంది, అప్పు ఎప్పుడో తీరింది. అత్తమ్మ రాసిచ్చింది కూడా.

ఇంజను పట్టేసింది కదా, దాని దారి చెప్పండి. బ్యాటరీలు పెట్టి సెల్ఫు కొట్టి చూడమంటున్నాడు ఊళ్ళో మెకానిక్కు.

పాతగ్యారేజీ

వద్దు. పట్టేసిన ఇంజనుకు సెల్ఫు కొడితే సెల్ఫ్ మోటారు పళ్ళన్నా పోతాయి, రింగులన్నా విరుగుతాయి. సిలిండర్లో నీళ్ళుంటే కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది.

సిలిండర్లలోకి డీజిలు చిమ్మే నోజిళ్ళు ఆరూ విప్పండి. రంధ్రాల్లోంచి టార్చి వేసి చూడండి, డబ్బా బోర్లించారు కాబట్టి నీళ్ళు దిగి ఉండవనే నా నమ్మకం. ఒక్కో సిలిండరులో డీజిలూ గేరు నూనే కలిపి కొంచెం కొంచెం పోసి వదిలేయండి. రోజూ ఒకసారి ఫ్లైవీలు పళ్ళకు బారు పెట్టి, ఇటు కొంచెం అటు కొంచెం. ఒకవైపే బలం పెట్టొద్దు. వెంట్రుకవాసి కదిలినా చాలు, ఆ రోజుకు ఆపేయండి.

హొసూరు_డీజిల్

డీజిలు కన్నా ఏటీఎఫ్ నూనెలో (ఆటోమేటిక్ గేరుబాక్సులో పోసేది) ఎసిటోను సగం సగం కలిపి పోస్తే తొందరగా దిగుతుంది. తుప్పు సందుల్లోకి పోయే గుణం దానికి ఎక్కువ. మంట దగ్గరికి తేవొద్దు, అంతే.

పాతగ్యారేజీ

పనిచేస్తుంది, కాదనను. ఎసిటోను గాలికి ఎగిరిపోతుంది కాబట్టి రోజూ పోయాలి. మాకు ఓపికే మందు.

హొసూరు_డీజిల్

ఇంకో సంగతి, ఇది ఎవరూ చెప్పరు. ఇంజను విడిచినాక స్టార్టు చేసేముందు ఎఫ్.ఐ. పంపు (నోజిళ్ళకు డీజిలు తోసేది) పక్క మూత విప్పి లోపలి ర్యాకు, అంటే డీజిలు ఎంత పోవాలో తేల్చే కడ్డీ, చేత్తో జరిపి చూడండి. పాత డీజిలు బంకలా గట్టిపడి ర్యాకు ఫుల్లు దగ్గర ఇరుక్కుని ఉండొచ్చు. అలాగే స్టార్టయితే ఇంజను ఆగదు, ఆర్.పి.ఎం. ఎక్కుతూనే పోతుంది. స్టాప్ తీగ లాగినా వినదు, కీ తీసినా వినదు. అందుకే మొదటిసారి స్టార్టు చేసేటప్పుడు ఎయిర్ క్లీనరు పైపు విప్పి, గాలి దారి దగ్గర మందపాటి ప్లైవుడ్ చెక్క పట్టుకుని ఒక మనిషి నిలబడాలి. అరిచిన వెంటనే మూసేయాలి. బట్ట పెడితే లోపలికి లాగేస్తుంది, చెయ్యి అసలే వద్దు.

ట్యాంకులో పాత డీజిలు మొత్తం వంపేయండి. అడుగున నీళ్ళూ నల్లటి జిగురూ ఉంటాయి. నీటికీ డీజిలుకీ మధ్య పాచి పెరుగుతుంది, ఫిల్టరు ఎన్నిసార్లు మార్చినా మూసేస్తుంది.

గాలిముల్లు (బొమ్మసంద్ర)

నేను సైటు సేఫ్టీలో పనిచేస్తాను. బండి లేవకముందే రెండు విషయాలు రాస్తాను, లేచాక ఎవరూ చదవరు.

మొదటిది, ట్రాకు బిగువు. చైను వదులు చేయడానికి ఐడ్లరు (చైను ముందు చివర తిరిగే చక్రం) వెనక గ్రీజు సిలిండరు వాల్వు విప్పుతారు. లోపల గ్రీజు ఎంత ఒత్తిడిలో ఉంటుందో బయటికి తెలియదు. ఒక్క చుట్టుకు మించి విప్పొద్దు, దానికి ఎదురుగా మొహం పెట్టొద్దు. వాల్వు ఊడి బుల్లెట్‌లా వచ్చి మనుషుల్ని చంపిన ఉదంతాలున్నాయి. ఏళ్ళ తుప్పున్న చోట మరీ జాగ్రత్త.

రెండోది, పైపు లీకేజీ. ఎక్కడ కారుతుందో చూడ్డానికి చేత్తో తడమకండి. 250 బార్ ఒత్తిడిలో సూదిమొనంత రంధ్రం నుంచి వచ్చే నూనె కంటికి కనబడదు, చర్మంలోకి దిగుతుంది. దోమ కుట్టినంత నొప్పి, చిన్న చుక్క. సాయంత్రానికి చెయ్యి వాస్తుంది. గంటలు గడిచేకొద్దీ వేలు పోయే ప్రమాదం పెరుగుతుంది. నేరుగా ఆపరేషన్ చేయగల ఆసుపత్రికి పోయి "హైడ్రాలిక్ నూనె లోపలికి దిగింది" అని ఆ మాటే చెప్పాలి, లేదంటే టి.టి. ఇంజక్షన్ ఇచ్చి పంపేస్తారు. లీకు వెతకాలంటే అట్టముక్క పట్టుకుని దూరంగా జరపండి, తడిసిన చోట తెలుస్తుంది.

బూమ్ పైన ఉండగా ఏ పైపూ విప్పొద్దని వేరే చెప్పాలా?

చెరువుగట్టు

ఇంజను విడిచింది. గురువుగారి మందే, కొంచెం ఆలస్యమైంది. మొదట బారు పెడితే టక్కుమని చిన్న శబ్దం వచ్చింది, అంతే. మరుసటి రోజుకు అరచుట్టు. ఇప్పుడు నిండుగా తిరుగుతుంది. నోజిళ్ళు లేకుండానే తిప్పి సిలిండర్లలో పోసిందంతా బయటికి చిమ్మించినా, సంప్ నూనె కూడా మార్చినా. ర్యాకు నిజంగానే ఇరుక్కుని ఉండె. హొసూరు అన్నకు దండం.

అసలు సంగతి హైడ్రాలిక్ ట్యాంకుది. డ్రెయిన్ ప్లగ్గు విప్పితే మొదట నీళ్ళు వచ్చినాయి. బకెట్టుకు పైగా, మామూలు నీళ్ళు. తర్వాత టీ రంగులో చిక్కటిది. చివరకు నూనె. పై మూత తీసి చేయి పెడితే సక్షన్ స్ట్రైనరు జల్లెడకు నల్లటి రబ్బరు పొట్టు అతుక్కునుంది, వేళ్ళమధ్య నలిపితే పెన్సిలు రబ్బరు పొడిలా రాలుతోంది. అడుగున బురద. ఇనుప రజను ఉందేమోనని అయస్కాంతం కట్టి తిప్పినా, పెద్దగా ఏమీ పట్టలేదు.

పాతగ్యారేజీ

అయస్కాంతానికి ఏమీ పట్టలేదంటే మంచి శకునం. పంపు తినేసి ఉంటే ముందు తెలిసేది అక్కడే. ఇత్తడి రంగు పొడి కూడా చూడండి, అయస్కాంతానికి అంటదు. పిస్టన్ షూలు అరిగితే వచ్చేది అదే.

పీణ్య_సీల్‌కిట్

ఆ రబ్బరు పొట్టు పైపుల లోపలి పొర. ఒక్క పాత పైపు కూడా ఉంచుకోకండి, బయట ఎంత బాగున్నా సరే. కోసి లోపల చూస్తే పగుళ్ళే. చేయించేటప్పుడు పాత పైపు ఫిట్టింగుతో సహా పట్టుకెళ్ళండి, ఫోటో చూపించి చెప్పకండి. పాత పొక్లెయిన్ మీద థ్రెడ్లు బి.ఎస్.పి. (ఇంగ్లీషు పైపు కొలత) ఉంటాయి, మెట్రిక్ ఉంటాయి, మధ్యలో ఎవరో రిపేరుకు వేసినవి ఇంకేవో ఉంటాయి. రెండు చుట్లు ఎక్కినంత మాత్రాన సరిపోయినట్టు కాదు.

ఇంకోటి, పైపు కోసినాక లోపల పడిన రబ్బరూ ఇనుప పొడీ ఊది శుభ్రం చేయించుకోండి. పంపులో పిస్టనుకీ బ్యారెల్‌కీ మధ్య సందు కొన్ని మైక్రాన్లే. తల వెంట్రుక 70 మైక్రాన్ల దాకా ఉంటుంది. కంటికి కనబడే మురికి అంటే పంపుకు బండరాయి.

చెరువుగట్టు

హైడ్రాలిక్ నూనె ఏది వేయాల? చిక్కదనం నంబరు 46 ఆ, 68 ఆ? షాపులో ఒకడు ఒకటంటాడు, ఇంకొకడు ఇంకోటి.

టిప్పర్‌నెం9

68. మా సైట్లలో అన్నీ 68. ఎండాకాలం క్వారీలో 46 నీళ్ళయిపోతుంది.

పీణ్య_సీల్‌కిట్

బెంగళూరు చలికి పొద్దున్నే 68 చిక్కగా ఉండి పంపు సరిగా పీల్చుకోదు. పైగా చిక్కటి నూనె అరిగిన పంపును దాచిపెడుతుంది. మొదటి నింపుడు 46 పోయండి. పంపులో దమ్ముందో లేదో అప్పుడే తెలుస్తుంది.

పాతగ్యారేజీ

ఇద్దరూ చెప్పింది నిజమే. మొదటి నింపుడు ఎలాగూ కడుగునీళ్ళ కిందే లెక్క, కొన్ని గంటలు తిప్పి తీసేయాలి. కాబట్టి 46 పోయండి, రిటర్న్ ఫిల్టరు కొత్తది వేయండి. రెండోసారి పోసేది బండి తీరు చూసి. ఒక బ్యారెల్ అంటే 210 లీటర్లు, ఈ బండికి అది ఒక్కటే చాలుతుందని లెక్కేసుకుని కూర్చోకండి.

పోసిన వెంటనే స్టార్టు కొట్టొద్దు. పంపు కేసింగు పైనున్న ప్లగ్గు విప్పి చేత్తో నూనె నింపండి, సక్షన్ పైపులో గాలి పోయేదాకా ఆగండి. పొడిగా తిరిగితే పిస్టన్ పంపు నిమిషం కూడా ఆగదు. స్టాప్ తీగ లాగి పట్టుకుని, ఇంజను ఆయిల్ గేజి లేచేదాకా సెల్ఫు కొట్టి ఆపండి. తర్వాత స్టార్టు. స్టార్టయ్యాక ఐడ్లింగులోనే ఉంచి లీవర్లు ముట్టకండి, పంపు శబ్దం వినండి. గింజలు వేగినట్టు చిటపటమంటే గాలి పీలుస్తోంది, వెంటనే ఆపేయండి.

చెరువుగట్టు

స్టార్టయింది!!

ప్లైవుడ్ చెక్కతో మా బావమరిది నిలబడినాడు, అవసరం పడలేదు. తెల్లపొగ వచ్చింది, తర్వాత తగ్గింది. 24 వోల్టులకు రెండు కొత్త బ్యాటరీలు పెట్టినా. గురువుగారు చెప్పినట్టే పంపు మొదట చిటపటమంది. ఆపి చూస్తే సక్షన్ పైపు క్లాంపు వదులు. బిగించినాక సద్దు చేయలేదు.

బూమ్ లేస్తుంది, ఆర్మ్, బకెట్ అన్నీ ఆడుతున్నాయి. కుడి బూమ్ రాడ్డు క్రోము అయి వచ్చింది. పై బాడీ తిరుగుతుంది, కంప వేర్లు తెగేటప్పుడు కిర్రుమంది. కుడి ట్రాకు నడుస్తుంది. ఎడమ ట్రాకు మాత్రం కదల్లేదు. లీవరు లాగితే ఇంజను మీద లోడు పడుతుంది, పైపులు బిగుసుకుంటాయి, చైను జరగదు. మట్టి అంతా తవ్వి తీసేసినా.

హొసూరు_డీజిల్

సెంటర్ జాయింటు సీళ్ళు పోయుంటాయి. పై నుంచి కిందికి నూనె పోయేది దాంట్లోంచే కదా.

పాతగ్యారేజీ

ఇంజను మీద లోడు పడుతోందంటున్నాడు. సెంటర్ జాయింట్లో నూనె దారి తప్పితే లోడు పడదు, మెత్తగా ఉంటుంది. ఇది ఎక్కడో పట్టేసింది.

ఊహించడం ఎందుకు? కంట్రోల్ వాల్వు దగ్గర ఎడమ ట్రాకుకు పోయే రెండు పైపులూ కుడివాటితో మార్చి పెట్టండి. ముందు బండి ఆపి, బకెట్ నేలకు దించి, లీవర్లన్నీ ఆడించి, ట్యాంకు మూత వదులు చేసి ఒత్తిడి పోగొట్టండి. మార్చినాక రోగం కుడివైపుకు వస్తే వాల్వు వైపు తప్పు. ఎడమనే ఉండిపోతే వాల్వు నిర్దోషి, కింద మోటారో ఫైనల్ డ్రైవో (ట్రాకును తిప్పే గేరుపెట్టె).

చెరువుగట్టు

మార్చి చూసినా. ఎడమనే ఉంది.

ఫైనల్ డ్రైవు డ్రెయిన్ ప్లగ్గు విప్పితే గేరు నూనె రాలేదు. ముందు ఏమీ రాలేదు, స్క్రూడ్రైవరుతో పొడిస్తే బూడిదరంగు బురద పేస్టులా జారింది. ట్రాకు మట్టిలో దిగినవైపు అదే. మూత విప్పి చూస్తే గేర్ల పళ్ళు బాగున్నాయి, బేరింగు ఒకటి తుప్పుకు ముద్దయిపోయింది. ఆ ముద్దే పట్టేసింది. బేరింగు మీద నంబరు కనబడుతుంది.

పాతగ్యారేజీ

పళ్ళు బాగుంటే బతికినట్టే. నంబరుంటే బేరింగు కొత్తది దొరుకుతుంది, పొక్లెయిన్ పేరు చెప్పి అడక్కండి, నంబరు చెప్పి అడగండి. పేరు చెప్తే ధర పెరుగుతుంది. కుడివైపు నూనె కూడా ఇప్పుడే విప్పి చూడండి, నడుస్తోంది కదా అని వదలొద్దు.

టిప్పర్‌నెం9

నేను ఇంకా స్క్రాపుకే అంటాను. కానీ ఆదివారం వచ్చి చూసిపోతా, లొకేషన్ పెట్టు.

చెరువుగట్టు

రా అన్నా, భోజనం ఇక్కడే. అక్కా, ఆ బురద లోపలికి పోయింది ఫైనల్ డ్రైవులోకి మట్టి రాకుండా ఆపే ఫ్లోటింగ్ సీలు దగ్గరనుంచే కదా? రెండు ఇనుప రింగులు, వాటి మీద లావు రబ్బరు రింగులు. ఒక ఇనుప రింగుకు ముఖం మీద గాట్లున్నాయి, రెండోది బాగుంది. ఒకటే మార్చితే సరిపోతుందా?

పీణ్య_సీల్‌కిట్

సరిపోదు. ఆ రెండు ముఖాలూ ఒకదానిమీద ఒకటి అరిగి కలిసిపోయి ఉంటాయి, కొత్తది పాతదానితో కూర్చోదు. జతగానే మార్చాలి, రబ్బర్లతో సహా. రెండు రింగులూ తుడిచి విడివిడిగా పాత గుడ్డలో చుట్టుకుని తీసుకురండి. బయటి వ్యాసం, లోపలి వ్యాసం, రబ్బరు కూర్చునే హౌసింగు గాడి కొలత మూడూ కావాలి. హౌసింగు మోయలేరు కదా, గాడి లోతు వెర్నియరుతో కొలిచి రాసుకురండి. కుడివైపుది కూడా విప్పితే దాని కొలత కూడా, ఎడమా కుడీ ఒకటే అనుకోవద్దు. మంగళవారం షాపు సెలవు.